బడి నుంచి ఫోనొస్తే అమ్మానాన్నలు ఉలిక్కిపడకుండా: టీచర్ల కోసం వాట్సాప్ పద్ధతి

"శివ వాళ్ల క్లాస్ టీచర్‌ని మాట్లాడుతున్నానమ్మా" అనగానే అవతలి నుంచి వచ్చే మొదటి మాట చాలాసార్లు ఒకటే: "ఏం చేశాడు సార్ మావాడు?" ఏమీ చేయలేదని చెప్పినా నమ్మరు. బడి ఊరికే ఫోన్ చేయదని వాళ్ల అనుభవం. గ్రూపులు, ఫారాలు, ఆన్‌లైన్ మీటింగులు ఎన్ని పెట్టినా ఈ ప్రశ్న మారకపోతే పని సగంలో ఉన్నట్టే. మారాలంటే ఫిర్యాదు లేని ఫోను ముందు వెళ్లాలి, ఫిర్యాదు ఉన్న ఫోను తర్వాత వెళ్లాలి. కింద చెప్పేదంతా నలభై మంది పిల్లలున్న ఒక తరగతిలో, ఒక టీచరు, ఒక ఫోనుతో ఈ వరస కుదర్చడం ఎలాగో.

ముందు నంబర్లు సరిచూసుకోండి

అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న నంబరును నమ్ముకుంటే మొదటి వారంలోనే దెబ్బతింటాం. కొన్ని చేర్పించిన రోజు పక్కింటివాళ్లవి, కొన్ని మీసేవ దగ్గర ఫారం నింపిన కుర్రాడివి, కొన్ని రీఛార్జి లేక ఆగిపోయినవి. జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో పిల్లల చేత ఒక చీటీ ఇంటికి పంపండి. అందులో ఆరు ప్రశ్నలు చాలు:

1. ఫోను ఎవరిది: అమ్మదా, నాన్నదా, తాతదా?
2. కీప్యాడా, టచ్ ఫోనా?
3. వాట్సాప్ అదే నంబరులో ఉందా?
4. పగలు ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది?
5. ఎన్ని గంటలకు మాట్లాడటానికి వీలు?
6. ఇంట్లో తెలుగు చదవగలిగేవాళ్లు ఎవరు?

నాలుగో ప్రశ్న వదిలేయొద్దు. నాన్న ఫోను నాన్నతోపాటే ఆటో మీద పోతుంది. సాయంత్రం ఏడింటిదాకా అమ్మకు ఏ మెసేజూ తెలియదు. "మధ్యాహ్నం రెండింటికి బడి వదిలేస్తున్నాం" అని పన్నెండింటికి పంపితే ఆ ఇంటికి పంపనట్టే.

చీటీ వచ్చాక ప్రతి నంబరుకూ ఒకసారి రింగ్ ఇచ్చి సరిచూసుకోండి. సేవ్ చేసేటప్పుడు తరగతి, రోల్ నంబరు, పిల్లాడి పేరు, వరస అన్నీ కలిపి రాయండి: "6ఎ 14 శివ అమ్మ". "శివ" అని మాత్రమే పెట్టుకుంటే డిసెంబరు వచ్చేసరికి ఫోనులో ఐదుగురు శివలు ఉంటారు. ఒక శివ మార్కులు ఇంకో శివ ఇంటికి వెళ్లేది ఇలాగే.

మీ నంబరును వాళ్ల చేత సేవ్ చేయించడం కూడా ఇప్పుడే జరగాలి. చీటీ అడుగున "ఈ నంబరును 'శివ టీచర్' అని సేవ్ చేసుకోండి" అని రాసి పంపండి. ఎందుకో కింద చెప్తాం.

వీలైతే దీనికి వేరే సిమ్ వాడండి. ఆండ్రాయిడ్ ఫోనుల్లో ఒకే వాట్సాప్‌లో రెండు ఖాతాలు పెట్టుకునే వీలు 2023 చివరి నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో మీ పేరు పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే 'యాడ్ అకౌంట్' కనిపిస్తుంది. మీ ఇంటి పెళ్లి ఫొటోల స్టేటస్ నలభై ఇళ్లకు వెళ్లదు. రాత్రి ఎనిమిది తర్వాత ఆ ఖాతా మోగకుండా పెట్టుకోవచ్చు కూడా. ఏ వేళల్లో దొరుకుతారో మొదటి మెసేజ్‌లోనే చెప్పేయండి.

గ్రూపా, బ్రాడ్‌కాస్టా?

అందరూ ముందుగా చేసేది గ్రూపు. అందరికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేదీ అదే. గ్రూపులో వేసిన క్షణం నుంచి ప్రతి తల్లి ఫోను నంబరూ మిగతా ముప్పైతొమ్మిది ఇళ్లకు కనబడుతుంది. ఎవరో తెలియని నంబరు నుంచి గుడ్‌మార్నింగులు మొదలవుతాయి. ఆ మెసేజ్‌లు ఎవరివని ఆ తల్లిని భర్త అడుగుతాడు. ఆమె చడీచప్పుడు లేకుండా గ్రూపులోంచి వెళ్లిపోతుంది. "పేరెంట్స్‌కి శ్రద్ధ లేదు" అనుకుంటాం. కారణం అది కాదు.

ఒక తరగతికి బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు. వాట్సాప్‌లో మూడు చుక్కలు నొక్కి 'న్యూ బ్రాడ్‌కాస్ట్' ఎంచుకుని నంబర్లు చేర్చాలి. ఒక లిస్టులో 256 మంది పడతారు. మీరు ఒకసారి పంపిందే ప్రతి ఇంటికీ విడి మెసేజ్‌లా చేరుతుంది. జవాబు మీ ఒక్కరికే వస్తుంది. ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు. ఒకే ఒక్క మెలిక: మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు బ్రాడ్‌కాస్ట్ చేరదు. చీటీ అడుగున ఆ వాక్యం రాయమన్నది ఇందుకే. పంపిన మర్నాడు ఆ మెసేజ్‌ను నొక్కి పట్టి 'ఇన్ఫో' చూస్తే ఎవరికి చేరిందో పేర్లతో కనిపిస్తుంది. రెండు మూడు రోజులైనా చేరినవాళ్లలో లేనివాళ్ల పిల్లలను పిలిచి, "మీ అమ్మ ఫోనులో నా నంబరు ఉందా?" అని అడగండి.

బడి మొత్తానికైతే వాట్సాప్ కమ్యూనిటీ (చాలా గ్రూపులను ఒకచోట చేర్చేది) పెట్టి, దానిలోని 'అనౌన్స్‌మెంట్స్' మాత్రమే వాడండి. అక్కడ కొత్త ప్రకటనలు అడ్మిన్లే పెట్టగలరు, సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు.

ఇప్పటికే గ్రూపు నడుస్తుంటే కూల్చనక్కర్లేదు. గ్రూపు పేరు నొక్కి పర్మిషన్లలో మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చండి. కొత్త సభ్యులను అడ్మిన్ ఒప్పుకుంటేనే చేర్చే మీట ఆన్ చేయండి. గ్రూపు లింకును స్టేటస్‌లోనో, బడి గోడ మీదో పెట్టకండి. లింకు దొరికిన ప్రతివాడూ పేరెంటే కాదు. ఈ మధ్య గ్రూపుల్లో పథకం పేరుతోనో, పెళ్లి శుభలేఖ అనో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించేవి) వస్తున్నాయి. అలాంటిది పడితే అడ్మిన్‌గా మీరే వెంటనే తీసేయొచ్చు. ఎవరైనా అప్పటికే నొక్కి డబ్బు పోగొట్టుకుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయమనండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మొదటి నెల: రోజుకు ఇద్దరు

ఒక చిన్న నోట్‌బుక్ తీసి నలభై పేర్లు రాయండి. పేరు పక్కన మూడు గడులు: మంచి మాట పంపిన తేదీ, ఏం చెప్పాం, వాళ్లు ఏమన్నారు. రోజుకు ఇద్దరు చొప్పున ఇరవై పనిదినాల్లో తరగతి మొత్తం అయిపోతుంది. ఈ నెలలో ఎవరింటికీ ఫిర్యాదు వెళ్లకూడదు. దెబ్బ తగలడం, జ్వరం రావడం లాంటివి ఎలాగూ వెంటనే చెప్తాం. హోంవర్కు చేయలేదు, అల్లరి చేశాడు అన్నవి మాత్రం ఒక నెల ఆగగలవు.

మంచి మాట అంటే పొగడ్త కాదు. "మీవాడు బాగా చదువుతున్నాడు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ప్రతి పిల్లాడి గురించీ అదే అంటారని వాళ్లకు తెలుసు. చూసిన ఒక సంగతి చెప్పాలి. ఇలా:

"లక్ష్మిగారూ, నమస్తే అమ్మా. శివ వాళ్ల లెక్కల టీచర్‌ని. ఫిర్యాదేమీ లేదు, కంగారుపడకండి. ఇవాళ భిన్నాల లెక్క బోర్డు మీద ఎవరికీ రాలేదు. శివ లేచి, రొట్టెను నాలుగు ముక్కలు చేసినట్టు బొమ్మ గీసి చూపించాడు. లెక్క చివర్లో తప్పింది గానీ ఆ ఆలోచన మాత్రం తనదే. మీకు చెప్పాలనిపించింది. అంతేనమ్మా, ఉంటాను."

మొదటి వాక్యంలో పేరు, వరస. రెండో దాంట్లో ఎవరు మాట్లాడుతున్నారో. మూడో దాంట్లో "ఫిర్యాదేమీ లేదు". ఈ మూడో మాట లేకుండా సంగతిలోకి దిగితే మిగతా ముప్పై సెకన్లూ వాళ్లు భయపడుతూనే వింటారు. ఇక ముఖ్యంగా, చివర "కానీ ఇంకొంచెం కష్టపడాలి" అని తగిలించకండి. ఆ ఒక్క "కానీ"తో ముందు చెప్పిందంతా చెరిగిపోతుంది.

వెనక బెంచీలో చప్పుడు లేకుండా కూర్చునేవాడి గురించి చెప్పడానికి ఏమీ దొరకదు. అలాంటివాళ్లను నెల చివరికి నెట్టకుండా మొదటి వారంలోనే పేర్లు రాసుకుని, చదువు బయట కూడా చూడండి: మధ్యాహ్న భోజనం దగ్గర చిన్నవాళ్లకు పళ్లెం అందించాడా, పోయిన పెన్ను తెచ్చి ఇచ్చాడా, ప్రార్థనకు రోజూ సమయానికి వస్తున్నాడా. చెప్పడానికి ఏమీ దొరకలేదంటే సాధారణంగా అది మనం ఆ పిల్లాణ్ణి సరిగ్గా చూడకపోవడమే.

రాసి పంపడం కన్నా గొంతు మేలు. చదవడం రానివాళ్లకు అందుతుంది, టైపు చేసే బాధ లేదు, గొంతులోని మర్యాద అక్షరాల్లో రాదు. మైకు గుర్తును నొక్కి పైకి జరిపితే లాక్ అవుతుంది, చేయి తీసేసి మాట్లాడొచ్చు. పంపే ముందు ఆపి ఒకసారి విని చూసుకోవచ్చు. ముప్పై, నలభై సెకన్లు దాటనివ్వకండి. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ కనిపిస్తే పనిలో ఉన్నవాళ్లు "తర్వాత విందాం" అనుకుంటారు, ఆ తర్వాత రాదు. ఇంటర్వెల్‌లో వరండాలో నిలబడి రికార్డు చేస్తే పిల్లల కేకలే వినబడతాయి. ఖాళీ గదిలోకి వెళ్లండి.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చాలా ఇళ్లలో అమ్మానాన్నలకు మెసేజ్ చదివి వినిపించేది ఆ పిల్లాడే. మంచి మాటకు ఇది వరం. తన గురించి టీచరు చెప్పింది తనే అమ్మకు చదివి వినిపిస్తాడు. ఫిర్యాదుకైతే ఇదే చేటు. వాడే చదివి, వాడే డిలీట్ చేస్తాడు.

ఫిర్యాదు చేయాల్సి వచ్చినప్పుడు

రాతలో వద్దు, వాయిస్ మెసేజ్‌లోనూ వద్దు. ఫోను చేయండి, వాళ్లు చీటీలో రాసిచ్చిన వేళకే. రాసిన ఫిర్యాదును నలుగురికీ చూపించొచ్చు, పదిసార్లు చదవొచ్చు. ప్రతిసారీ కోపం కొంచెం పెరుగుతుంది. ఫోనులో ఈ వరస పాటించండి.

ముందు చూసింది చెప్పండి, తీర్పు చెప్పకండి. "మీవాడికి శ్రద్ధ లేదు" అనేది తీర్పు. "సోమవారం నుంచి మూడు రోజులుగా లెక్కల నోట్సు తేలేదు" అనేది చూసింది. తర్వాత అడగండి: "ఇంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అని అడిగి ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపొద్దు. నోట్సు కొనడానికి డబ్బు లేకపోవడం, తాత ఆసుపత్రిలో ఉండటం, మిరప కోతలకు పిల్లాణ్ణి తోడు తీసుకెళ్లడం, ఏ సంగతైనా అప్పుడే బయటికొస్తుంది. చివరగా ఒకే ఒక్క కోరిక: "రాత్రి పడుకునే ముందు నోట్సు సంచిలో ఉందో లేదో చూడమనండి, చాలు." నాలుగు పనులు చెప్తే ఒకటీ జరగదు.

నాలుగో రోజు ఒక చిన్న వాయిస్ మెసేజ్: "నోట్సు తెస్తున్నాడమ్మా, థాంక్స్." చాలామంది మర్చిపోయేది ఇదే. ఇది లేకపోతే ఫిర్యాదు ఫోను ఫిర్యాదు దగ్గరే ఆగిపోతుంది.

గ్రూపులో ఎప్పుడూ పెట్టకూడనివి: ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల మార్కుల లిస్టు ఫొటో, రానివాళ్ల పేర్లు, ప్రైవేటు బడుల్లో ఫీజు బాకీల చిట్టా. మార్కుల లిస్టు పెడితే మొదటి ముగ్గురి అమ్మానాన్నలు సంతోషిస్తారు. మిగతా ముప్పైఏడు ఇళ్లలో ఆ రాత్రి ఏం జరుగుతుందో మనకు తెలియదు. ఎవరి మార్కులు వాళ్లకే పంపండి, పక్కన ఒక మాట జోడించి: "ఎఫ్‌ఏ-1లో లెక్కలు 20కి 9. కూడికలన్నీ రైటు, రాత లెక్కలు చదివి అర్థం చేసుకోవడం దగ్గర ఆగుతున్నాడు."

రాత్రి పదింటికి కోపంగా మెసేజ్ వస్తే వివరణలు రాయకండి. "చూశానండీ. రేపు సాయంత్రం 4:30కి ఫోన్ చేస్తాను" అని ఒక్క వాక్యం, ఆ రాత్రికి అంతే. మర్నాడు 4:30 అంటే 4:30కే.

వారం వారం వెళ్లేవి

వారానికి మూడు నాలుగు మెసేజ్‌లు దాటితే ఎవరూ చదవరు. శనివారం సాయంత్రం ఒకటి ఖాయంగా వెళ్లాలి: ఈ వారం ఏం చెప్పాం, ఇంట్లో అడగాల్సిన ఒక ప్రశ్న, వచ్చే వారం సెలవులూ పరీక్షలూ. ఇంట్లో అడగాల్సిన ప్రశ్న చదువురాని తల్లి కూడా అడగగలిగేదై ఉండాలి. "నీళ్లు ఆవిరై ఎక్కడికి పోతాయో చెప్పమని అడగండి" అంటే ఎవరైనా అడగగలరు. "3వ పాఠం ప్రశ్నజవాబులు చెప్పించండి" అంటే అడగలేరు.

పైనుంచి వచ్చిన పీడీఎఫ్‌ను ఉన్నదున్నట్టు తోసేయడం మన అందరికీ ఉన్న అలవాటు. మూడు పేజీల ఉత్తర్వును ఎవరూ తెరవరు, తెరిచినా అర్థం కాదు. నాలుగు ముక్కలు చేయండి: ఏమిటి, ఎప్పటిలోగా, ఎక్కడ, ఏం తేవాలి. "తల్లికి వందనం పథకం డబ్బు పడాలంటే అమ్మ బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకై ఉండాలి. శుక్రవారంలోగా మీ బ్యాంకులో అడిగి చూసుకోండి. ఆధార్, పాస్‌బుక్ తీసుకెళ్లండి." ఇంత రాసి, కావాలంటే కింద పీడీఎఫ్ పెట్టండి.

తేదీ తప్పు రాస్తే సవరించడానికి వాట్సాప్ పావుగంట సమయం ఇస్తుంది. అయితే సవరించినప్పుడు ఫోను మళ్లీ మోగదు. ముందే చదివేసినవాళ్లు పాత తేదీతోనే ఉండిపోతారు. సెలవు, పరీక్ష, మీటింగ్ తేదీల్లో తప్పు దొర్లితే "సవరణ" అని మొదలుపెట్టి కొత్త మెసేజ్ పంపడమే దారి.

ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే ఇళ్లుంటే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి పంపేయకండి. సెలవు గురించైతే పర్వాలేదు, పిల్లాడి గురించైతే ఆ భాష వచ్చిన సహోపాధ్యాయుల చేత వాయిస్ మెసేజ్ ఇప్పించండి.

దూరంగా ఉన్న నాన్నలు, కీప్యాడ్ ఫోనులు

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు బడుల్లో చాలామంది నాన్నలు గల్ఫ్‌లో ఉంటారు. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు మామూలుగా వాట్సాప్ కాల్ కలవదు, అక్కడ దానికి అనుమతి లేదు. వాయిస్ మెసేజ్ మాత్రం వెళ్తుంది. ఫోను ఎత్తలేదని తప్పుగా అనుకోకండి. మనకు రాత్రి 8 అయితే దుబాయ్‌లో 6:30, సౌదీ, కువైట్, ఖతార్‌లలో 5:30. అంటే మనం తీరుబడిగా ఉన్న సమయానికి వాళ్లు ఇంకా పనిలోనో, క్యాంపుకు వెళ్లే బస్సులోనో ఉంటారు. వాయిస్ మెసేజ్‌తో పాటు పిల్లాడి నోట్సు పేజీ ఒకటి ఫొటో తీసి పంపండి. రెండేళ్లుగా కొడుకు రాతను కళ్లారా చూడని నాన్నకు అది ప్రోగ్రెస్ కార్డు కన్నా ఎక్కువ. అయితే ఇంట్లో ఉండి చూసుకునే అమ్మకు చెప్పకుండా నేరుగా నాన్నకు ఫిర్యాదు పంపొద్దు. ఆ గొడవ ఆమె మీద పడుతుంది.

కీప్యాడ్ ఫోను ఉన్న ఇళ్లను మర్చిపోతే మనం ఎవరికోసం మొదలుపెట్టామో వాళ్లే మిగిలిపోతారు. తెలుగు ఎస్ఎంఎస్ ఒక్కోదాంట్లో 70 అక్షరాలే పడతాయి, పైగా పాత ఫోనుల్లో డబ్బాలు డబ్బాలుగా కనబడుతుంది. కాబట్టి వాళ్లకు ఫోనే. శనివారం మెసేజ్ పంపాక అదే సంగతి చెప్పడానికి ఓ అరగంట పెట్టుకోండి. ఎనిమిది ఇళ్లుంటే మూడేసి నిమిషాల చొప్పున అరగంటలోపే అయిపోతుంది. పక్కింటి ఫోనుకు పంపాల్సివస్తే సెలవులు, మీటింగులు మాత్రమే. మార్కులు కాదు.

ఆన్‌లైన్ మీటింగ్

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుల్లాంటివాటికి కూలిపని మానుకుని రాలేనివాళ్లు ఉంటారు. వాళ్లకోసమే ఆన్‌లైన్. ఉచిత గూగుల్ మీట్‌లో వందమంది వరకు, గంటసేపు ఉండొచ్చు. కానీ అంతమందిని పిలవకండి. ఎనిమిది పది మంది, పాతిక నిమిషాలు, రాత్రి ఎనిమిదింటికి. వాట్సాప్ ఉంటే చాలనుకునేవాళ్లకు వాట్సాప్ గ్రూప్ కాల్ చాలు, 32 మంది పడతారు. అయితే అందులో నంబర్లు అందరికీ కనబడతాయి, ముందే చెప్పి ఒప్పించండి.

లింకు రెండుసార్లు పంపాలి: ముందు రోజు, మళ్లీ పది నిమిషాల ముందు. మొదటి ఐదు నిమిషాలు "వినబడుతోందా" అన్నదానికే పోతాయి, లెక్కలో వేసుకోండి. వీడియో పెట్టమని బలవంతం చేయకండి. ఒకే గది ఇళ్లలో కెమెరా ముందు కూర్చోవడం ఇబ్బంది. ఒక్కో పిల్లాడి గురించి అందరి ముందూ మాట్లాడకండి. తరగతి సంగతులు చెప్పి, "మీ పిల్లల గురించి విడిగా మాట్లాడాలంటే రేపు ఫోన్ చేస్తాను" అని పేర్లు రాసుకోండి.

ఫొటోలు

మనవాళ్లకు ఫొటో పిచ్చి కొంచెం ఎక్కువే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలంటుంది. జూన్ చీటీలోనే ఒక గీత చేర్చండి: "తరగతి ఫొటోల్లో మా పాప/బాబు ఉండొచ్చు / వద్దు". వద్దన్నవాళ్ల పేర్లు నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి. ఆగస్టు 15న ఫొటో తీసేటప్పుడు గుర్తొచ్చేది ఆ పేజీయే. ఆడపిల్లల డ్యాన్సు వీడియోలు మీ సొంత స్టేటస్‌లో పెట్టొద్దు.

ఏప్రిల్‌లో బడి మూసే వారం నోట్‌బుక్ తీసి చూడండి. మూడో గడి, అంటే "వాళ్లు ఏమన్నారు" అన్నది, ఎన్ని పేర్ల పక్కన ఖాళీగా ఉందో లెక్కపెట్టండి. ఆ పేర్లను, ఫోను ఎవరి చేతిలో ఉంటుందో, ఎన్నింటికి వీలవుతుందో కలిపి వచ్చే ఏడాది క్లాస్ టీచర్‌కు కాగితం మీద ఇవ్వండి. మంచి మాటలు, ఫిర్యాదులు ఇవ్వకండి. తర్వాత మీ ఫోనులోని పాత బ్రాడ్‌కాస్ట్ లిస్టు తీసేయండి. జూన్‌లో కొత్త తరగతికి పంపబోయి పొరపాటున పాతవాళ్లకు పంపే తప్పు చాలా తేలిగ్గా జరుగుతుంది.